ఇంజను మార్చే ముందు హెడ్డు దించి చూడండి

ఇంగ్లండులోని లెస్టర్ నుంచి ఒక పాఠకుడు రాశారు. సొంతూరు విజయవాడ, వయసు నలభై ఒకటి. పదమూడేళ్లుగా అక్కడే ఉద్యోగం, భార్య, ఇద్దరు పిల్లలు. రెండేళ్ల కిందట పక్కింటి పెద్దావిడ దగ్గర 1959 నాటి మోరిస్ మైనర్ 1000 కారు కొన్నారు. ఆమె భర్త దాన్ని దాదాపు యాభై ఏళ్లు నడిపారట. ఆయన పోయాక కారు షెడ్డులో మూలుగుతుంటే చూడలేక, బయటి ధరలో సగానికే ఈయన చేతిలో పెట్టారు. "ఇది మా ఆయన ఇంజను, జాగ్రత్తగా చూసుకో బాబూ" అన్నారు. పాత బిస్కెట్ల డబ్బా నిండా బిల్లులు, కాగితాలు కూడా ఇచ్చారు. ఇప్పటికీ కొన్ని ఆదివారాలు వచ్చి, పక్క సీట్లో పది నిమిషాలు కూర్చుని వెళతారట.

ఇప్పుడు ఆ కారు లాగడం లేదు. ఎత్తు ఎక్కుతుంటే మూడో గేరులో కూడా రొప్పుతోంది. పల్లంలో కాలు తీసి మళ్లీ తొక్కితే వెనక నీలం పొగ. కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కొలిస్తే, ముందు నుంచి వరసగా 130, 125, 70, 75 పీఎస్‌ఐ వచ్చాయి. సిలిండర్లలో ఒక చెంచా ఇంజనాయిలు పోసి మళ్లీ కొలిచినా చివరి రెండూ కదల్లేదు. ఇంజను అయిపోయిందని స్నేహితులు తేల్చేశారు. వారిలో ఒకాయన దగ్గర తుప్పు పట్టి కూలిపోయిన ఎంజీ మిడ్జెట్ తాలూకు 1275 సీసీ ఇంజను, గేరుబాక్సుతో సహా ఉంది. నెలాఖరులోగా చెప్పకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానంటున్నాడు. ఇంకొకాయన 12జి940 రకం హెడ్డు (సిలిండర్ల మీద మూతలా కూర్చునే, వాల్వులుండే భాగం) అమ్ముతానని, పాతది విప్పి ఇది బిగిస్తే చాలని చెబుతున్నాడు. ఆటోనగర్‌లో నలభై ఏళ్లు అంబాసిడర్ ఇంజన్ల పని చేసిన నాన్నగారు మే నెలలో చూడ్డానికి వస్తున్నారు. "నేను వచ్చేదాకా స్పానర్ ముట్టుకోకు, బ్లాకు పారేయకు" అని ఫోనులోనే గదమాయించారు; బ్లాకంటే సిలిండర్లుండే ఇంజను మొండెం. శ్రీమతికి డబ్బు కన్నా భయం ఎక్కువ: పిల్లల్ని ఎక్కించుకుని లారీల మధ్య మోటార్‌వే మీద ఈ కారులో వెళ్లడం ఆమెకు ఇష్టం లేదు. ఇక పెద్దావిడ, ఇంజను మార్చే మాట ఎలా తెలిసిందో గాని, "తీసేస్తావా?" అని ఒక్క ముక్క అడిగారట. అప్పటి నుంచి ఆమె ఎదురైతే ఈయన మొహం తిప్పుకుంటున్నారు. ఏ ఇంజను వేయాలి, ఏ హెడ్డు వేయాలి, మాట తప్పినట్టవుతుందా అని ఈయన ప్రశ్న.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టాపెట్లు (వాల్వుల సందు) సర్దేటప్పుడు రాకర్ కవర్, అంటే ఇంజను పైమూత విప్పి తీసిన ఫొటో ఒకటి జతచేశారు చూడండి, దాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దాని సంగతి కాస్త తర్వాత చెబుతాను. ముందు మీ అంకెల గురించి.

ఇంజను అయిపోయిందన్నవాళ్లు ఆ నాలుగు అంకెలను సరిగా చూడలేదు. పిస్టను రింగులు, బోరు (సిలిండరు లోపలి రంధ్రం) అరిగిపోయిన ఇంజనులో నాలుగు సిలిండర్లూ కాస్త అటూఇటూగా పడిపోతాయి, ఆయిలు పోస్తే అంకె పైకి లేస్తుంది. మీకు ఒకటీ రెండూ బాగున్నాయి. పక్కపక్కనే ఉన్న మూడూ నాలుగూ దాదాపు ఒకేలా పడ్డాయి, ఆయిలు పోసినా లేవలేదు. అంటే గాలి కిందికి, రింగుల దారిన పోవడం లేదు, పైనే ఎక్కడో పోతోంది. నా అనుమానం మూడు, నాలుగు సిలిండర్ల మధ్య హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య గాలి పోకుండా వేసే పలక) మీద. మైనర్ పాత 803 సీసీ ఇంజనును మీ కారు కాలపు 948కి పెంచినప్పుడు బోరు 58 మిల్లీమీటర్ల నుంచి దాదాపు 63కి వెళ్లింది. చోటు చాలక సిలిండర్లను రెండేసి జతగా, మధ్యలో నీళ్ల దారి లేకుండా అంటించి పోత పోశారు. ఒకటీ రెండూ ఒక జత, మూడూ నాలుగూ ఒక జత. ఆ జతల మధ్య గ్యాస్కెట్‌కు ఆనిక సన్నటి పట్టీ అంతే. కాలితే అక్కడే కాలుతుంది.

దీన్ని ఈ శనివారమే తేల్చుకోవచ్చు. ప్లగ్గులన్నీ తీసేయండి. మూడో పిస్టను కంప్రెషన్ స్ట్రోకులో పైకి వచ్చేలా ఇంజను తిప్పి, టాప్ గేరులో వేసి, హ్యాండ్‌బ్రేకు లాగండి. మూడో ప్లగ్గు రంధ్రంలో అడాప్టర్ బిగించి గాలి పంపండి. నాలుగో రంధ్రం మీద వేలు పెడితే చల్లగాలి తగులుతుందనుకోండి, గ్యాస్కెట్ కాలినట్టే. కార్బొరేటరు నోట్లో బుస వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిలు పోసే మూత దగ్గర వినిపిస్తే మాత్రం నేను పొరపడ్డట్టు, రింగుల పనే. ఇక నీలం పొగ. కాలు తీసి తొక్కినప్పుడే వస్తోందంటున్నారు కాబట్టి అది ఎక్కువగా వాల్వు గైడ్లు (వాల్వు కాడలు జారే గొట్టాలు) అరగడం వల్ల. రింగులు తప్ప ఇవన్నీ హెడ్డులో పనులే. ఇంజను దించే పని వీటిలో ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఆ ఫొటో. హెడ్డు మీద పోతలోనే ఉబ్బెత్తుగా 12జి202 అని ఉంది. మీరు దాన్ని పట్టించుకున్నట్టు లేదు. 1959లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 948 సీసీ మైనర్‌కు ఉండేది 2ఎ629 హెడ్డు. 12జి202 అన్నది 1962లో మైనర్‌కు 1098 సీసీ ఇంజను వచ్చినప్పటి తరానిది, ఇన్‌లెట్ వాల్వులు పెద్దవి. కాబట్టి పెద్దాయన, అంటే పెద్దావిడ భర్త, లేదా ఆయన పురమాయిస్తే ఒక మెకానిక్, ఎప్పుడో హెడ్డు మార్చారు. ఇది అనుమానం కాదు, ఫొటోలో కనిపిస్తున్నదే. హెడ్డు ఒక్కటే మార్చారా, మొత్తం ఇంజనే మార్చారా అన్నది తేలాలి. బ్లాకుకు రివెట్లతో బిగించిన ఇంజను నంబరు రేకు మీద పెయింటు పేరుకుపోయి చదవడానికి రావడం లేదన్నారు. గుడ్డకు థిన్నర్ తడిపి నెమ్మదిగా తుడవండి, ఉప్పుకాగితం పెట్టొద్దు. 9ఎంతో మొదలైతే అది 948. 10ఎం అని కనిపిస్తే 1098. మోరిస్ తయారీదారు బీఎంసీ పాత ఇంజను తీసుకుని బాగుచేసిన ఇంజను ఇచ్చే గోల్డ్ సీల్ పద్ధతి కూడా ఒకటి నడిపేది, కనుక వేరే రకం నంబరు కనిపించినా కంగారుపడకండి. రేకులు చేతులు మారుతుంటాయి, హెడ్డు దించాక వెర్నియరు, డెప్త్ గేజి పెట్టి కొలిస్తే ఇంకే అనుమానమూ మిగలదు. 948కి బోరు 62.9, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 76.2 మిల్లీమీటర్లు. 1098కి 64.6, 83.7. స్ట్రోకులో ఏడున్నర మిల్లీమీటర్ల తేడా దాగదు.

ఈ సంగతి ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, మీ బాధలో సగం "అసలు ఇంజను" అన్న మాట చుట్టూనే తిరుగుతోంది. ఫ్యాక్టరీ ఇచ్చింది ఇచ్చినట్టు కాపాడాలని మీరు రాత్రిళ్లు నిద్ర మానుకుంటున్నారు. పెద్దాయనేమో దానికి హాయిగా పెద్ద వాల్వుల హెడ్డు బిగించి, యాభై ఏళ్లు తిరిగారు. ఆవిడ అడిగింది కూడా ఫ్యాక్టరీ ఇంజను గురించి కాదు, "మా ఆయన ఇంజను" అన్నారు. ఆయన చేతులు పెట్టి మార్చిన ఇంజను అది. ఆ మాట నిలబెట్టుకోవడం మీరు అనుకున్నంత కష్టం కాదు.

ఇక మీ ముందున్న దారులు. మొదటిది, నాకు బాగా నచ్చినది: ఇంజను కారులోనే ఉంచి, ఉన్న హెడ్డునే బాగుచేయించడం. హెడ్డు దించి, మెషిన్ షాపులో ఫేసింగ్ (అడుగు తలం చదునుగా చెక్కడం) చేయించి, గైడ్లు మార్పించి, ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు (వాల్వులు ఆనే వలయాలు) వేయించండి. సీసం లేని పెట్రోలుకు ఆ కాలపు మెత్తటి సీట్లు తినుకుపోతాయి, బ్రిటన్‌లో సీసం పెట్రోలు 1999తోనే ఆగిపోయింది. హెడ్డు ఎలాగూ విప్పుతున్నప్పుడే ఆ పని చేయించకపోతే మళ్లీ విప్పాలి. దీనికి ఒక హెడ్డు సెట్టు గ్యాస్కెట్లు, వాల్వు గ్రైండింగ్ పేస్టు, టార్క్ స్పానరు ఉంటే చాలు. తొమ్మిది నట్లు, నడిమి నుంచి బయటికి వరసగా, విడతలు విడతలుగా 40 పౌండ్-అడుగుల దాకా. టాపెట్లు చల్లటి ఇంజను మీద 12 తౌలు (అంగుళంలో వెయ్యో వంతులు). కొన్నాళ్లు నడిపాక నట్లు మళ్లీ ఒకసారి చూసుకోవాలి. లాభం: ఖర్చు తక్కువ, వెనక్కి తిప్పలేని పని ఏదీ జరగదు. లోటు: కారు ఎప్పటిలా ఉన్న శక్తితోనే నడుస్తుంది, మీ శ్రీమతి భయం అలాగే ఉంటుంది.

రెండోది హెడ్డు మార్చడం. ఇక్కడ ఆ అమ్మేవాడి మాట మాత్రం వినకండి. 12జి940 పుట్టింది 1275 సీసీ బ్లాకు కోసం, దాని బోరు 70.6 మిల్లీమీటర్లు. మీ చిన్న బోరు మీద పెడితే ఎగ్జాస్ట్ వాల్వు కిందికి తెరుచుకునేటప్పుడు బ్లాకు పైఅంచుకు తగులుతుంది. బర్మింగ్‌హామ్‌లో ఉన్న రోజుల్లో ఒక షెడ్డులో ఇదే హెడ్డును 998 సీసీ బ్లాకు మీద బిగించిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. స్టార్టరు నొక్కగానే నాలుగైదు టకటకలు, తర్వాత నిశ్శబ్దం. హెడ్డు దించితే బ్లాకు మీద నాలుగు చోట్ల గోటితో గీసినట్టు నెలవంక గుర్తులు, నాలుగు వాల్వులూ వంకర. ముందే పిల్లలాడుకునే ప్లాస్టిసిన్ ముద్దను బ్లాకు అంచున పెట్టి, హెడ్డు తేలిగ్గా బిగించి, ఇంజను చేత్తో రెండు చుట్లు తిప్పి ఉంటే, ముద్ద ఎంత నలిగిందో చూసి అక్కడే ఆగిపోయేవాళ్లం. ఆ హెడ్డు పట్టాలంటే బ్లాకు అంచున వాల్వులకు గుంటలు తొలిపించాలి. తొలిచిన ఇనుము మళ్లీ రాదు. పెద్దావిడకు మాటిచ్చిన బ్లాకు మీద ఆ పని వద్దని నా గట్టి అభిప్రాయం.

మీది 948 అని తేలి, ఇంకొంచెం ఊపు కావాలనిపిస్తే ఎంజీ 1100 నుంచి వచ్చిన 12జి295 హెడ్డు గురించి ఎవరో ఒకరు చెబుతారు. మంచి హెడ్డే. అయితే దాని గది (పెట్రోలు మండే చోటు) 28 సీసీ పైన, పాత 948 హెడ్డు గది 24 చిల్లర. 948లో ఒక్కో సిలిండరుకు 237 సీసీ. ఉన్నదున్నట్టు బిగిస్తే 8.3 ఉండాల్సిన కంప్రెషన్ నిష్పత్తి ఏడున్నరకు జారిపోతుంది. పెద్ద వాల్వుల హెడ్డు పెట్టి, తీరా బద్ధకంగా నడిచే కారును ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. ఫేసింగ్‌లో ఎంత తీయాలో లెక్క కట్టి తీయిస్తేనే ఫలితం. గదిలోకి సిరంజితో పారాఫిన్ పోసి కొలవడం నాన్నగారికి తెలిసే ఉంటుంది. మీ 12జి202 గది 26 సీసీ, ఆ లెక్కన అది మధ్యస్థం. పెద్దాయన ఫేసింగ్ తీయించారో లేదో హెడ్డు మందం చెబుతుంది.

మూడో దారి, మీ ఉత్తరంలో లేనిది: 1098 ఇంజను. 1962 నుంచి మైనర్‌కు ఫ్యాక్టరీయే వేసింది కాబట్టి మౌంటింగులు, గొట్టాలు, అన్నీ కూర్చుంటాయి. 37 గుర్రాల చోట 48 వస్తాయి. దాంతోపాటు వచ్చే గేరుబాక్సు, పెద్ద క్లచ్చు, ముందు చక్రాలకు ఎనిమిది అంగుళాల బ్రేకు డ్రమ్ములు కూడా తెచ్చుకోండి. మీ 1959 కారుకు ముందు ఉన్నవి ఏడంగుళాలవే. పొడుగు స్ట్రోకు కాబట్టి దీన్ని మరీ అరిపించకూడదు, ఎత్తుల మీద నింపాదిగా లాగే ఇంజను ఇది. రేకు మీద 10ఎం కనిపిస్తే ఈ దారి పెద్దాయన ముందే నడిచేసినట్టు, అప్పుడు కొనాల్సింది బ్రేకులు ఒక్కటే, అవీ ఆయన మార్చి ఉండకపోతేనే.

నాలుగోది మీ స్నేహితుడి 1275. మిడ్జెట్‌లో అది 65 గుర్రాల ఇంజను, అంటే 948కి దాదాపు రెట్టింపు. ఒకే కుటుంబపు ఇంజను, కారు పొడవు వెంట కూర్చునేది కాబట్టి మైనర్‌లోకి వెళుతుంది. మినీ కారు ఇంజను ఇస్తామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి, అడ్డంగా పడుకుని గేరుబాక్సు మీద కూర్చునే ఆ ఇంజను మీ కారుకు నేరుగా పట్టదు. 1275 వేస్తే ఖర్చు ఇంజనుతో ఆగదు. బ్రేకులు తప్పనిసరిగా మారాలి, నా మాటగా రాసిపెట్టుకోండి: బ్రేకులు మార్చకుండా ఆ ఇంజనుతో పిల్లల్ని ఎక్కించుకోవద్దు. వెనక యాక్సిల్‌లోని 4.55 నిష్పత్తి డిఫరెన్షియల్‌తో మోటార్‌వే మీద ఇంజను ఊరికే అరుస్తుంది, దాన్ని 4.22 లేదా అంతకన్నా తక్కువ చేయాలి. మిడ్జెట్ డిఫరెన్షియల్ మీ యాక్సిల్‌లో కూర్చుంటుంది కాబట్టి అదీ అడగండి. పాత హాఫ్ షాఫ్టుల (వెనక చక్రాలను తిప్పే కడ్డీల) మీద బరువు పెరుగుతుంది. పనంతా అయ్యాక శ్రీమతి భయం నిజంగానే చాలావరకు తీరుతుంది, అది ఈ దారికున్న పెద్ద బలం. అయితే అన్నీ కలిపి కొన్ని నెలల పని. నెలాఖరు గడువుకు తొందరపడి, కంప్రెషన్ కొలవని ఇంజనును కొనకండి. కొలవనిస్తే కొలిచి, బాగుంటే కొని షెడ్డులో పెట్టుకోవడం తప్పేమీ కాదు. కొలవనివ్వకపోతే, పోనివ్వండి.

కాగితాల సంగతి క్లుప్తంగా. అదే మూల ఇంజను వేరే సీసీలో వేస్తే అక్కడి చట్టం దాన్ని గణనీయమైన మార్పుగా చూడదు, నలభై ఏళ్లు దాటిన కారుకున్న ఎంఓటీ (ఏటా చేయించే వాహన పరీక్ష) మినహాయింపు పోదు. ఇంజను నంబరు, సీసీ మారితే వి5సి రిజిస్ట్రేషన్ పత్రంలో డీవీఎల్ఏకు (అక్కడి వాహన నమోదు సంస్థకు) రుజువుతో తెలపాలి. బీమావాళ్లకు హెడ్డు మార్పు కూడా చెప్పండి. రేకు మీద 10ఎం ఉండి, పత్రంలో 948 ఉంటే, ఆ దిద్దుబాటు ఇప్పుడే చేయించండి, ప్రమాదం జరిగాక బయటపడితే చిక్కు. పెట్రోలు ఈ5 రకమే (ఇథనాల్ ఐదు శాతానికి మించనిది) పోయించండి, 2021 నుంచి మామూలు పంపులో వచ్చే ఈ10 పాత రబ్బరు గొట్టాలను తింటుంది.

నాన్నగారి విషయంలో మీరు కొంచెం విసుక్కుంటున్నట్టు అనిపించింది. అంబాసిడర్ మనిషికి ఇంగ్లీషు కారు ఏం తెలుసని రాశారు. ఆయన జీవితమంతా విప్పి బిగించిన 1489 సీసీ అంబాసిడర్ ఇంజను బీఎంసీ వాళ్ల బి-సిరీస్. మీ మైనర్‌లో ఉన్నది దాని తమ్ముడు, ఎ-సిరీస్. పుష్‌రాడ్లు, రాకర్ షాఫ్టు, ఇన్‌లెట్ ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు, రెండేసి సిలిండర్లకు ఒకే ఇన్‌లెట్ దారి, గుండె ఆకారపు గది, అన్నీ అవే. కవరు విప్పగానే ఆయనకు తన షెడ్డులో ఉన్నట్టే ఉంటుంది. మూడూ నాలుగూ పడ్డాయని ఒక్క మాట చెప్పి చూడండి, గ్యాస్కెట్ అని ఆయనే అంటారు. "బ్లాకు పారేయకు" అన్నది చాదస్తంతో అన్న మాట కాదు. ఆరు నెలల వీసాలో 1275 పని పూర్తవుతుందన్న నమ్మకం లేదు, ఆ బరువులు ఎత్తే పనులు ఆయన వయసుకు వద్దు కూడా. హెడ్డు పని అయితే వాల్వులు ఒక్కొక్కటీ పేస్టు రాసి, రబ్బరు కప్పు పుల్లను అరచేతుల మధ్య తిప్పుతూ బూడిదరంగు గీత వచ్చేదాకా రుద్దడం ఆయన కుర్చీలో కూర్చుని చేయగలరు. మీ పెద్దబ్బాయిని పక్కన కూర్చోబెట్టండి. మెషిన్ షాపువాళ్లకు హెడ్డు ఏప్రిల్‌లోనే పంపితే ఆయన దిగేసరికి తిరిగొస్తుంది. దించడం మాత్రం మీరొక్కరే చేయక తప్పదు, ఫోనులో ఆయన్ను అడిగి చేస్తే ఆ మాటా దక్కుతుంది.

పెద్దావిడతో మాట్లాడటం వాయిదా వేయకండి. చివరికి మీరు 1275కే మొగ్గినా సరే, ఇంజను తీసేస్తే ఎక్కడ ఉంటుందో చెప్పగలిగి ఉండాలి: గ్రీజు పూసి, ప్లగ్గు రంధ్రాలు మూసి, చెక్క పెట్టెలో, మీ షెడ్డులో. కారు అమ్మినా ఆ పెట్టె కారుతోనే వెళుతుందని చెప్పండి. ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. బాధపడితే, మొదటి దారి ఎలాగూ ఉంది. వెళ్లేటప్పుడు ఆ బిస్కెట్ల డబ్బా తీసుకెళ్లండి. పైపైన చూసి మూసేశానన్నారు. 1962 తర్వాతి బిల్లుల్లో హెడ్డుదో, ఇంజనుదో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. ఆమె పక్కన కూర్చుని ఒక్కో కాగితం విప్పండి, ఎందుకు మార్పించారో ఆమెకే గుర్తుండొచ్చు. రేకు మీద 9ఎం వచ్చిందో 10ఎం వచ్చిందో, నాలుగో రంధ్రంలో గాలి తగిలిందో లేదో నాకు రాయండి.